ఎత్తిన దుమ్ము ఎక్కడికి పోయింది? చీపురు నుండి వాక్యూమ్ యంత్రం వరకు

కాట్రేనికోన, ముమ్మిడివరం, అమలాపురం ప్రాంతాలలో టైల్స్, తివాచీలు శుభ్రపరిచే చిన్న వ్యాపారం పెట్టదలచి, ఏ యంత్రం కొనవలెనని అడిగేవారు ఇటీవల తరచుగా కనబడుతున్నారు. వీరిలో గల్ఫ్ దేశాలలో కొంతకాలం పనిచేసి తిరిగివచ్చినవారే ఎక్కువ. ఈ ప్రశ్న వైద్యుని అడగవలసినది కాదని పాఠకులు భావించవచ్చు. కాని ఈ యంత్రాల చరిత్రను తిరగేసినవారికి ఒక విషయం స్పష్టపడుతుంది. వీటిని ముందుకు నడిపినది గృహాలంకరణ మీది మోజు ఒక్కటే కాదు. ఊడ్చేవాని దగ్గు, ఆయాసం కూడా. కనుక యంత్రం ఎంత దుమ్ము ఎత్తుతుందన్న దానికంటె, ఎత్తిన దుమ్మును ఎక్కడ పెడుతుందన్నదే నా దృష్టిలో మొదటి ప్రశ్న.

మన సీమలో నేల స్వరూపం మూడు తరాలలో పూర్తిగా మారిపోయింది. మండువా లోగిళ్లలో గుల్లసున్నం గచ్చు, సామాన్యుల ఇళ్లలో పేడతో అలికిన మట్టినేల ఉండేవి. తరువాత ఎర్ర రంగు కలిపిన సిమెంటు గచ్చు వచ్చింది. ఆపైన నాపరాయి, మొజాయిక్ వచ్చాయి. ఇప్పుడు ఎక్కడ చూసినా నున్నని టైల్స్. సామర్లకోట దగ్గరనే టైల్స్ కర్మాగారం వెలసింది. తివాచీ మాత్రం మన ఇళ్లలో ఎన్నడూ నిత్యవస్తువు కాదు. ఏలూరు ఉన్ని తివాచీలకు శతాబ్దాల ఖ్యాతి ఉన్నా, అవి పరాయి దేశాల మేడలకే ఎక్కువగా తరలిపోయాయి. మనవారు పెళ్లిళ్లకు జంపఖానా పరిచి, పని ముగియగానే దులిపి, ఎండలో వేసి, చుట్టి అటక మీద పెట్టేవారు. ఆరోగ్యరీత్యా అది చక్కని పద్ధతి.

కొబ్బరి ఈనెల చీపురు పెరటికి, మన్యం నుండి వచ్చిన కొండచీపురు ఇంటిలోపలికి. ఈ రెంటితోనే ఇల్లు గడిచేది. వాకిలి ఊడ్చేముందు నీళ్లు చల్లడంలోని విజ్ఞతను మనం తగినంతగా గుర్తించలేదు. తడిసిన ధూళి గాలిలోకి లేవదు. ఊడ్చే స్త్రీ ముక్కులోకి పోదు. పరిశ్రమలలో ధూళిని అణచడానికి ఈనాటికీ చేసేది ఇదే. అలుకుడు విషయంలో మాత్రం నేను పెద్దలను పూర్తిగా సమర్థించలేను. పేడలో ధనుర్వాత క్రిమి బీజాలు ఉంటాయి. బాలింతరాలి గదిలో, బొడ్డు ఆరని పసిబిడ్డ పక్కన దానికి చోటు లేదు.

పెంకుటింటి కంతలోనుండి దిగే సూర్యకిరణంలో తేలియాడే నలుసులను చూడనివారు మనలో ఉండరు. 1870 జనవరిలో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జాన్ టిండాల్ అనే భౌతిక శాస్త్రవేత్త ఇటువంటి కాంతిపుంజాన్నే ఆధారంగా చేసుకొని ధూళి, వ్యాధి అన్న విషయంపై ఉపన్యసించాడు. కిరణం కింద జ్వాల ఉంచితే ఆ నలుసులు కాలిపోయాయి. అనగా వాటిలో అధికభాగం మట్టి కాదు, జీవ సంబంధమైన పదార్థం. దూదిగుండా వడగట్టిన గాలిలో కాంతిపుంజం కనబడనే లేదు. గాలి నిర్మలమా కాదా అన్నది మన కంటికి తెలియదని, వడపోత ఒక్కటే నమ్మదగినదని ఆ ప్రయోగం తేల్చింది. నేటి యంత్రాలన్నింటి మంచి చెడ్డలను ఈ గీటురాయి మీదనే పరీక్షించవచ్చు.

1876లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో, గ్రాండ్ ర్యాపిడ్స్ పట్టణంలో పింగాణీ సామానుల దుకాణం నడిపే మెల్విల్ బిసెల్ తివాచీ ఊడ్చే సాధనానికి పేటెంటు పొందాడు. సామానుల పెట్టెలలోని రంపపు పొట్టు తివాచీలో చిక్కుకొని దంపతులను వేధించేదట. చక్రాలు తిరిగితే కుంచె తిరిగి చెత్తను చిన్న పెట్టెలోకి నెడుతుంది, విద్యుత్తు అక్కరలేదు. 1889లో అతడు న్యుమోనియాతో మరణించగా, భార్య ఆనా బిసెల్ సంస్థను నిర్వహించి విదేశాలకు విస్తరింపజేసింది. చీపురు లేపే ధూళిని ఆ పెట్టె కొంతవరకు అణచింది, కాని తివాచీ లోతులో ఉన్నదానిని అది తాకలేదు.

ఆ లోతును అందుకున్నవాడు హ్యూబర్ట్ సెసిల్ బూత్. ఇతడు వంతెనల ఇంజనీరు. వియన్నాలోని ప్రఖ్యాతమైన రంగులరాట్నం నిర్మాణంలోనూ పనిచేసినవాడు. లండన్‌లో ఒక ప్రదర్శనలో అమెరికా నుండి వచ్చిన యంత్రాన్ని చూశాడు. అది గాలిని బలంగా ఊది దుమ్మును లేపుతుంది. లేచిన దానిలో కొంత పెట్టెలో పడుతుంది, మిగిలినది తిరిగి గదిలోనే వాలుతుంది. ఊదడానికి బదులు పీల్చకూడదా అని అడిగితే అసాధ్యమన్నారు. బూత్ ఒక భోజనశాలలో కుర్చీ దిండు మీద చేతిరుమాలు పరిచి, నోటితో గాలి పీల్చి, ఉక్కిరిబిక్కిరి అయ్యాడు. రుమాలు అడుగున నల్లని వలయం మిగిలింది. 1901లో అతడు పేటెంటు తీసుకున్నాడు.

ఇక్కడ మన పాఠకులు గమనించవలసినది మరొకటి ఉన్నది. బూత్ మొదట అమ్మినది యంత్రాన్ని కాదు, శుభ్రపరిచే సేవను. పెట్రోలు ఇంజనుతో నడిచే పెద్ద పంపును గుర్రపుబండి మీద అమర్చి వీధిలో నిలిపి, పొడవాటి గొట్టాలను కిటికీల ద్వారా లోపలికి పంపేవారు. గొట్టంలో కొంతభాగం పారదర్శకంగా ఉండడంతో, తమ తివాచీనుండి వెలువడే మురికిని చూడడానికి ఇంటివారు బంధుమిత్రులను తేనీటికి పిలిచేవారు. ఇంజను మోతకు గుర్రాలు బెదురుతున్నాయని వ్యాజ్యాలు కూడా నడిచాయి. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మినిస్టర్ ఆబీలోని తివాచీని ఈ యంత్రమే శుభ్రపరిచింది. ఇంజను, సంచి, దుమ్ము అన్నీ ఇంటి బయట, మనుషుల ఊపిరికి దూరంగా ఉండడమే ఆ బండిలోని గొప్ప సుగుణం. తరువాత వచ్చిన చిన్న యంత్రాలు ఆ సుగుణాన్ని పోగొట్టుకున్నాయి.

చిన్న యంత్రాన్ని తయారుచేసినది ఇంజనీరు కాదు, ఊడ్చే పనివాడు. ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో జేమ్స్ మరే స్పాంగ్లర్ ఒక పెద్ద దుకాణంలో రాత్రివేళ నేలలు శుభ్రపరిచేవాడు. ఆయనకు ఉబ్బసం. తివాచీ ఊడ్చిన ప్రతిసారీ ఆయాసం ఎక్కువయ్యేది. ఫంకా మోటారుకు కుంచెను జోడించి, చీపురు కర్రను పిడిగా చేసి, వెనుక దిండు గలీబు తగిలించాడు. 1908 జూన్‌లో పేటెంటు లభించింది. పెట్టుబడి లేక హక్కులను తోలు సామానుల వ్యాపారి విలియం హూవర్‌కు అమ్మాడు. లోకానికి హూవర్ పేరు మిగిలింది. స్పాంగ్లర్ 1915లో మరణించాడు. వైద్యునిగా నాకు ఈ కథలో ముఖ్యమైనది ఒక్కటే. తన ఊపిరితిత్తులను కాపాడుకోవడానికి ఒక కార్మికుడు చేసుకున్న పరికరం అది. ఈ వ్యాపారంలో అందరికంటె ఎక్కువ దుమ్ము పీల్చేవాడు ఇంటి యజమాని కాదు, రోజుకు నాలుగు ఇళ్లు తిరిగే పనివాడే.

అయితే దిండు గలీబు ఎంత ఆపగలదు? మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రానులు. 10 మైక్రానులకు మించిన నలుసులను ముక్కు, గొంతు చాలావరకు అడ్డగిస్తాయి. 2.5 మైక్రానులకు తక్కువైనవి ఊపిరితిత్తుల గాలిగదుల దాకా దిగుతాయి. గుడ్డసంచి పెద్దవాటిని పట్టి, ఈ చిన్నవాటిని వెనుకనుండి గదిలోకి విసురుతుంది. నేల మెరుస్తుంది, గాలి చెడుతుంది. 1964లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌కు చెందిన వోర్‌హోర్స్ట్, స్పీక్స్మా తదితరులు ఇంటి దుమ్ములోని అలర్జీకి మూలం అందులో బతికే కంటికానని మైట్ అనే ప్రాణి అని గుర్తించారు. మన చర్మం నుండి రాలే పొట్టు దానికి ఆహారం. దాని విసర్జనమే ఉబ్బసానికి ప్రేరకం. అది నీరు తాగదు, గాలిలోని తేమను గ్రహించి బతుకుతుంది. గాలిలో తేమ 50 శాతానికి తగ్గితే క్రమంగా నశిస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు సముద్రపు తేమలో నానే కాట్రేనికోనలో దానికి కరువు ఎక్కడిది?

గుడ్డసంచికి సమాధానం యుద్ధకాలంలో దొరికింది. 1940లలో అమెరికా అణ్వాయుధ ప్రయత్నంలో రేడియోధార్మిక ధూళిని ఆపడానికి రూపొందిన వడపోతనే నేడు హెపా ఫిల్టర్ అంటున్నాము. 0.3 మైక్రానుల కణాలలో 99.97 శాతాన్ని అది ఆపవలెనని ప్రమాణం. డబ్బా మీద ఆ మాట ఉంటే సరిపోదు. ఫిల్టరు చుట్టూ రబ్బరు అంచు బిగుతుగా కూర్చోకపోతే గాలి పక్కదారిన పోతుంది. కొనేముందు మూత తెరిపించి ఆ అంచును చూడండి. మార్చుకొనే ఫిల్టరు మన దగ్గరి పట్టణంలో దొరుకుతుందో లేదో కనుక్కోండి.

మన దేశంలో 1982లో మొదలైన యూరేకా ఫోర్బ్స్ సంస్థ అమ్మకందార్లు మెడకు టై కట్టుకొని గడపగడపకు తిరిగి వాక్యూమ్ క్లీనరును పరిచయం చేశారు. మధ్యతరగతి ఇళ్లలో అనేకం కొన్నాళ్లకు అటకెక్కాయి. కారణం సులభం: మన ఇళ్లలో నేల గచ్చు; దానికి చీపురు, తడిగుడ్డ చాలును. తివాచీ ఇళ్ల కోసం పుట్టిన యంత్రాన్ని గచ్చు ఇళ్లకు తెచ్చారు. గల్ఫ్‌నుండి వచ్చిన మనవారు సైతం ఇదే పొరపాటుకు లోనయ్యే ప్రమాదం ఉన్నది. అక్కడి పొడి ఎడారిలో, ఏసీ భవనాలలో తివాచీ మీద వాడిన యంత్రం ఇక్కడి పనికి తగినది కాకపోవచ్చు.

ఇక్కడి పనిలో సింహభాగం టైల్స్‌దే. తీరగ్రామాలలో బోరునీటి ఉప్పదనం వలన గచ్చు మీద, ముఖ్యంగా స్నానాలగదిలో, గార కడుతుంది. కనుక మొదట కొనదగినవి రెండు: నిలబడి నడపగల సింగిల్ డిస్క్ రుద్దుడు యంత్రం, తడి పొడి రెండూ పీల్చే వాక్యూమ్. రుద్దిన మురికినీటిని వెంటనే పీల్చివేస్తే అది టైల్స్ సందులలో తిరిగి ఇంకదు. గోదావరి వరద తీసిన తరువాత ఇంట మిగిలే బురదకు కూడా ఇదే తగినది. బురద ఎండనిచ్చి ఊడ్చితే అది ధూళిగా మారుతుంది. తడి బురదలో దిగేవారికి ఎలుకజ్వరం భయం ఉంటుంది కనుక బూట్లు, చేతొడుగులు తప్పనిసరి.

గారను యంత్రంతో వదిలించక, సీసాలోని యాసిడ్‌తో వదిలించాలనే తొందర మనవారికి ఎక్కువ. యాసిడ్ పోసిన గచ్చు మీదనే, పాచి పోవాలని బ్లీచింగ్ పౌడరు చల్లేవారున్నారు. బ్లీచింగ్ పౌడరు 1799లో చార్లెస్ టెన్నంట్ బట్టల చలువకై తెచ్చినది. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ దాని నీటితో వైద్యుల చేతులు కడిగించి బాలింతల మరణాలను తగ్గించాడు. అంతటి మేలు చేసిన పదార్థం ఆమ్లంతో కలిసిన క్షణాన క్లోరిన్ వాయువును విడుస్తుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర సైనికుల మీదికి జర్మన్లు వదిలినది ఆ వాయువునే. కిటికీ మూసిన చిన్న స్నానాలగదిలో పనివాడు ఆ వాయువుకు చిక్కితే కళ్ల మంట, దగ్గుతో మొదలై, కొన్ని గంటల తరువాత ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చు. ఈ రెండింటినీ ఒకే సంచిలో మోయనే మోయవద్దు. ఎవరైనా పీల్చితే వెంటనే ఆరుబయటికి తెచ్చి, తగ్గిందని ఇంటికి పంపక ఆసుపత్రిలో కనిపెట్టి ఉండాలి.

తివాచీల పని వస్తే దానికి వేడినీటిని ఒత్తిడితో చిమ్మి వెంటనే పీల్చే యంత్రం కావాలి. దీనిని స్టీమ్ క్లీనింగ్ అని పిలుస్తున్నా అందులో ఆవిరి లేదు. చిమ్మే శక్తి చూసి మురిసిపోరాదు. పీల్చే శక్తిని చూడాలి. తివాచీ ఒకటి రెండు రోజులు తడిగా మిగిలితే బూజు పడుతుంది. మైట్‌కు కావలసిన తేమను మనమే అందించినట్లవుతుంది. ఆరబెట్టే ఫంకా లేనిదే వర్షాకాలంలో ఈ పని ఒప్పుకోకపోవడం మంచిది. చిన్న తివాచీలను ఎండలో వేయడమే మేలైన వైద్యం, అది పైసా ఖర్చు లేనిది.

నీరు, కరెంటు ఒకేచోట ఉండే వృత్తి ఇది. 30 మిల్లీఆంపియర్ల లీకేజికే తెగిపోయే ఆర్‌సీసీబీ అమర్చిన పొడిగింపు బోర్డును పనివాడు తనవెంటనే తీసుకుపోవాలి. పాత ఇళ్లలో ఎర్తింగును నమ్మరాదు. మొజాయిక్ పాలిష్ పనులు కూడా పట్టదలచినవారు పొడి అరగదీతకు ఎన్నడూ దిగవద్దు. రాతి ధూళిలోని సిలికా తెచ్చే సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు.

ఇక సంచి. రోజంతా పట్టిన దుమ్మును సాయంత్రం వాకిట్లో దులపడం నేను చూస్తున్నాను. సముద్రపు గాలి మళ్లిన వేళ అది దులిపినవాని ముఖానికే వస్తుంది. పారవేయదగిన కాగితపు సంచి ఉన్న యంత్రానికి నెలనెలా కొంత ఖర్చు పెరుగుతుంది. అయినా దానినే కొనండి. గుడ్డసంచి తప్పనప్పుడు ఎన్95 మాస్కు కట్టుకొని, గాలికి వీపు పెట్టి, సంచిని లోపలి నుండి కాస్త తడిపి, ప్లాస్టిక్ సంచిలోకి బోర్లించి మూతి కట్టివేయండి. తడిసిన సంచిని మరునాటికి పూర్తిగా ఆరనిచ్చిగాని తిరిగి తగిలించవద్దు. అందుకోసం రెండవ సంచిని మొదటి రోజునే కొనిపెట్టుకోవాలి.