కొవ్వొత్తి చెప్పిన పాఠము

మైకేల్ ఫారడే 1791లో లండను సమీపమున ఒక కమ్మరి ఇంట జన్మించెను. పేదరికముచేత అతని బడి చదువు వ్రాత, లెక్కలతోనే ఆగిపోయెను. పదునాలుగవ యేట పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున చేరి, పనికి వచ్చిన గ్రంథములనే చదువజొచ్చెను. వానిలో జేన్ మార్సెట్ రచించిన రసాయన సంభాషణలు అతని నెంతయు ఆకర్షించెను. చదివినదానిని చిన్న చిన్న ప్రయోగములతో సరిచూచుకొనెడివాడు.

1812లో ఒక ఖాతాదారు టిక్కెట్లు ఈయగా హంఫ్రీ డేవీ ఉపన్యాసములు నాలుగు వినెను. విన్నదంతయు వ్రాసి, బొమ్మలు గీచి, అట్ట కట్టి డేవీకే పంపెను. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడయ్యెను.

అచ్చట బాలబాలికలకై క్రిస్మస్ ఉపన్యాసములు 1825లో ఆరంభమయ్యెను. 1827 మొదలు 1861 వరకు ఫారడే 19 పర్యాయములు వాటిని నిర్వహించెను. కడపటిసారి విషయము కొవ్వొత్తి! అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి పొగకు, ఒత్తికి రెండు మూడంగుళముల దూరమున, నిప్పు తగిలించగా మంట ఆ దారినే పరుగెత్తి ఒత్తిని మరల వెలిగించును. మండునది మైనపు ఆవిరియని పిల్లలు కన్నులార చూచిరి. జ్వాలపై చల్లని పాత్ర నుంచగా నీటి బిందువులు కనబడెను. అక్కడినుండి నీటిలోని హైడ్రోజను, గాలిలోని ఆక్సిజను, తుదకు మన శ్వాస వరకు పాఠము సాగెను.

విద్యార్థికి శాస్త్రమందు ఆసక్తి లేదనుటకు ముందు, అతని కన్నుల యెదుట ఏమి ఉంచితిమో చూచుకొనవలెను. ఫారడేకు ఒకరు టిక్కెట్లు ఇచ్చిరి. అతడు పిల్లలకు కొవ్వొత్తి చూపెను.