కిటికీలోని తోట



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము చాల చిన్నది. కిటికీ దిమ్మెమీద గాని, కిటికీ క్రింద అమర్చిన పెట్టెలో గాని నాలుగు పూలమొక్కలను, రెండు మూడు ఔషధపు మొక్కలను పెంచుటను గూర్చినది. రాజులు, యుద్ధములు, శాసనములు చెప్పవలసిన చరిత్రోపన్యాసమున ఈ కుండీల ప్రస్తావన యేల యని మీలో కొందరికి తోపవచ్చును. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమలలో ఇంటి కిటికీ యేల మూతపడియుండెనో, మరల ఏల తెరచుకొనెనో విచారించినచో అదియు చరిత్రయే యని మీరే యొప్పుకొందురు.

మన పెద్దల నాటి మిద్దెయిండ్లు మీరెరిగినవే. మూరెడు మందమునకు తగ్గని గోడలు, దూలములపై కప్పిన మట్టిమిద్దె, వీధివైపు ఒక్కటే తలవాకిలి, దాని కిరుప్రక్కల అరుగులు. వీధిగోడకు కిటికీ యుండుట యరుదు. ఉన్నను జానెడు వెడల్పున, మనిషి తలకు పైయెత్తున నుండెడిది. వెలుతురు కొరకు మిద్దెకు గవాక్షి విడిచెడివారు. వాన వచ్చినప్పుడు దానిని మూసెడివారు. మొక్కలకు చోటు పెరటిలో. స్నానపు నీరు పారెడు కాలువ ప్రక్క కరివేపచెట్టు, అరటిపిలక, గోడవార నందివర్ధనము, మల్లెపొద, నట్టనడుమ తులసి. తులసిని నాటిన దిమ్మెకు మనవారు కోట యని పేరు పెట్టుకొనిరి. చుట్టు నాలుగు చిన్నగోడలు, దీపమునకొక గూడు, నడుమ కొలదిపాటి మన్ను, అందులో నొక మొక్క. ఇంత చిన్న తొట్టిలో మొక్కను ఏండ్ల తరబడి కాపాడు నేర్పు మన యాడువారికి పూర్వమునుండియు కలదు. కొరవడినది కిటికీ మాత్రమే.

అది కొరవడుటకు రెండు కారణములు. మొదటిది ఎండ. వేసవిలో వేడి 40 డిగ్రీలు దాటు ఈ సీమలో గోడకు పెద్ద కిటికీ పెట్టుట వడగాలిని ఇంటిలోనికి పిలుచుటయే. రెండవది భయము. 1652వ సంవత్సరమున తావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు జమ్మలమడుగు చెంతనున్న గండికోటకు వచ్చెను. అప్పుడు ఆ కోట మీర్ జుమ్లా చేతిలో నుండెను. కొండపైని చిన్న మైదానమున ఊటనీటితో వరియు, చిరుధాన్యములును పండించుటను అతడు వర్ణించియున్నాడు. పైరు సైతము కోటలో నుండవలసిన కాలమది. 1800లో నైజాము ఈ జిల్లాలను ఇంగ్లీషు కుంపిణీకి దత్తము చేసెను. నాటినుండి 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండిన తామస్ మన్రో సుమారు 80 మంది పాళెగాండ్రను అణచవలసి వచ్చెను. వీధిలో వచ్చుచున్నది పాళెగాని బంటో, దోపిడికాడో తెలియని దినములలో, వీధివైపు గోడ తెరచి ఇల్లు కట్టుకొను ధైర్యము సామాన్యునకెట్లు కలుగును? అందుచేత పువ్వు పెరటిలోనే పూచినది.

ఇది మన సీమలో మాత్రమే జరిగినది కాదు. క్రీస్తుశకము 79లో అగ్నిపర్వతము రేగినప్పుడు మరణించిన రోమను పండితుడు ప్లీనీ తన ప్రకృతిచరిత్రమున ఒక సంగతి వ్రాసెను. పూర్వము రోము నగరపు సామాన్యజనులు కిటికీలలో చిన్న తోటల నమర్చుకొని, దినదినము పల్లెటూరి యందమును కన్నులార చూచుకొనెడివారట. పిమ్మట దొంగతనములు మితిమీరగా ఆ కిటికీలను మూసికొనవలసి వచ్చెనట. రెండువేల యేండ్లనాటి ఈ సంగతి చదివినప్పుడెల్ల నాకు మా యిల్లు జ్ఞప్తికి వచ్చును.

మా నాయన ముచ్చటపడి వీధిగదికొక కిటికీ పెట్టించెను. దానికి కడపబండ దిమ్మె, ఇనుపకడ్డీలు. మా యమ్మ ఆ దిమ్మెమీద మరువపు కుండ నొకదాని నుంచెను. నాకు పదునొకండవ యేట మా యూరిలో రెండు వర్గములకు కక్షలు రేగెను. తప్పెవరిదో యిప్పుడు చెప్పి లాభములేదు. ఆ కాలపు ఊళ్ళను చూచిన మీకు వివరింప నక్కరయు లేదు. ప్రొద్దు గ్రుంకకమునుపే తలుపులు బిగించుకొనెడివారము. ఒకనాటి రాత్రి మా వీధిలో నాటుబాంబు పేలినది. తెల్లవారగానే మా నాయన బేల్దారిని పిలిపించి కిటికీని ఇటుకలతో పూడ్పించెను. అమ్మ కుండను పెరటికి మోసికొనిపోయెను, ఏమియు ననలేదు. ఇరువది రెండేండ్లు ఆ గది చీకటిగనే యుండెను. అందులో దీపము పెట్టుకొని నేను అమరకోశము వల్లించితిని. వనౌషధివర్గములోని మొక్కల పేర్లన్నియు నోటికి వచ్చెను గాని, వానిలో నొక్కటియైనను నా చేత పెరుగలేదు.

ఊరు చల్లబడినది. నాయన గతించెను. ఒకనాడు అమ్మ, "ఆ కిటికీ తెరిపీ నాయనా, మరువం కుండ పెట్టుకుంటా" ననెను. ఇటుకలు తీసిన దినమున ఎదురింటి అవ్వ తన అరుగుమీద నిలుచుండి చూచినది. ఆ యింటివారు నాడు ఎదుటి వర్గము. కొన్నాళ్లకు ఆమెయే వీధి దాటివచ్చి, కడ్డీల బయట నిలిచి, "ఒక రెమ్మ ఇస్తావా అక్కా?" యని మా యమ్మ నడిగెను. ఆ రెండిండ్ల నడుమ ఇరువదేండ్లకు పైగా లేని మాట ఆ మరువపు రెమ్మతో మొదలైనది.

ఆ యుత్సాహమున నేనును తోటమాలి నైతిని. మా చేని నల్లరేగడిని మోసికొనివచ్చి, అడుగున బెజ్జము లేని తొట్టినిండ నింపి, మల్లెను నాటి, దినమునకు రెండుమారులు నీరు పోసితిని. నెల తిరుగకమునుపే అది కుళ్ళిపోయినది. అమ్మ నవ్వి, "నీళ్లు పోస్తే చెట్టు బతకదు నాయనా, చూసి పోస్తే బతుకుతాది" యనెను. అప్పటినుండి నేను నేర్చుకొనినదే మీకు మనవి చేయుచున్నాను.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల రేగడి పత్తికి మంచిదే గాని కుండకు తగదు. తడిసిన బంకయగును, ఎండిన బీటలు వారును. ఎర్రమన్ను ఒక పాలు, ఇసుక ఒక పాలు, బాగుగా మాగిన పశువుల యెరువు ఒక పాలు కలుపవలెను. వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున మెత్తని నేలయే చెట్లన్నిటికి హితమని చెప్పెను. ఆరవ శతాబ్దపు ఆ మాట కిటికీ పెట్టెకును చెల్లును. పెట్టె జానెడు లోతు తగ్గరాదు. అడుగున బెజ్జములుండవలెను, వానిపై చిల్లపెంకులు పరచవలెను. క్రింద పళ్ళెము పెట్టినచో అందు నీరు నిలువనీయరాదు. నిలిచిన దోమలు పుట్టును. మరియొక జాగ్రత్త: మూడడుగుల పొడవు, ముప్పావు అడుగు వెడల్పు, అంతే లోతు గల పెట్టె తడిమట్టితో నిండినప్పుడు 70 కిలోలకు పైగా తూగును. దానిని మేకుల కాధారపడి వ్రేలాడదీయరాదు. దిమ్మెమీదనో, గోడలో దిగగొట్టిన ఇనుపకమ్ములమీదనో గట్టిగా నిలుపవలెను. క్రింద నడచుపోవు పిల్లల తలలు మన పూలకంటె విలువైనవి.

ఇక మొక్కల యెన్నిక. ముందు కిటికీ దిక్కు చూడవలెను. తూర్పు కిటికీ యుత్తమము. ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నపు మంట తప్పును గనుక మరువము, కనకాంబరము, మెంతి, కొత్తిమీర అచట హాయిగా పెరుగును. ధనియాలను రెండు బద్దలుగా నలిపి చల్లవలెను. కార్తీకమునుండి పుష్యమువరకు వానికి మంచి కాలము, వేసవిలో చల్లిన త్వరగా పూతకు వచ్చి ఆకు దక్కదు. దక్షిణ పశ్చిమ దిక్కుల కిటికీలకు ఎండను సహించు మొక్కలే తగినవి: తులసి, కలబంద, బిళ్ళగన్నేరు, ఎండలో విచ్చి సాయంకాలమునకు ముడుచుకొను గడ్డిగులాబి. గుండుమల్లెకును ఎండ కావలెను గాని పెద్దకుండ కావలెను. చలికాలమున కొమ్మలు కత్తిరించి నీరు తగ్గించినచో వేసవికి విరగబూయును. ఎండ తక్కువైన ఉత్తరపు కిటికీలో పుదీనా, వామాకు, తమలపాకు తీగ నిలుచును. పుదీనాను వేరుగా నాటవలెను, ప్రక్కమొక్కను బ్రతుకనీయదు. దవనమునకు చలికాలము కావలెను. శీతకాలమున పెంచినచో చైత్రమున దేవతార్చనకు అందును. ఎర్రగన్నేరును మాత్రము పిల్లలు తిరుగాడు కిటికీకడ పెట్టరాదు, అది విషము.

కిటికీలో పెట్టె పెట్టుట సీమదొరల వేడుక యని కొందరు పెద్దలు చిన్నచూపు చూతురు. వారికి నా మనవి యిది. మనము దసరాకు తోరణము కట్టు బంతిపువ్వు మెక్సికో దేశపుది. ఐరోపావారు అమెరికా చేరిన తరువాతనే మనకు వచ్చినది. మరువము మధ్యధరాసముద్రపు తూర్పుతీరములది. బిళ్ళగన్నేరు మడగాస్కరు ద్వీపమునుండి వచ్చినది; 1958లో కెనడా శాస్త్రజ్ఞులు దానినుండి తీసిన మందును ప్రకటించిరి, అది నేటికిని కొన్ని కాన్సరు వ్యాధుల చికిత్సకు ఉపయోగపడుచున్నది. అయినను ఆ యాకును ఇంటివైద్యముగా నమలరాదు, అదియు విషమే. ఇట్లు దూరదేశములనుండి వచ్చిన మొక్కలను మన యమ్మలు పెంచి మనవానినిగా చేసికొనిరి. కుండకును పువ్వునకును మన జిల్లాలో తగిన గౌరవమే కలదు. రామాయణము రచించిన మొల్ల కుమ్మరియింటి బిడ్డ యని సంప్రదాయము. ఆమె పేరు మల్లెజాతి పువ్వు పేరు. ఆమె గోపవరము మన బద్వేలు చెంతదే యని పలువురు పండితుల మతము.

నీటి సంగతి చెప్పక ముగింపరాదు. మన జిల్లాలో ఏటికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన. పులివెందుల వైపు కరవు తరచు. 1876-78 నాటి ధాతకరవున ఈ దత్తమండలములు పడిన పాట్లు తరతరములుగా వినుచున్నవే. అట్టి సీమలో పూలకు నీరా యని యడుగుట న్యాయమే. బియ్యము కడిగిన నీరు, పప్పు కడిగిన నీరు చాలును. వ్రేలు మన్నులో దూర్చి చూచి, పొడిగా నున్ననే ఉదయమున పోయవలెను. సబ్బునీరు కూడదు.

నేడు అన్నదమ్ములు ఇండ్లు పంచుకొనుచున్నారు. పెరడు గదులగుచున్నది, తులసికోట యున్నచోట గోడ లేచుచున్నది. పెరటితోపాటు ఏ యాకు దగ్గునకు, ఏ యాకు అజీర్తికి అను తెలివియు పోవుచున్నది. అయితే సిమెంటు ఇండ్లకు కిటికీలు పెద్దవి. పాళెగాండ్ర భయము పోయినది; కక్షల కాలమును చాలవరకు గడచినది. పెరటిలో పోయిన దానిని కిటికీలో నిలుపుకొనుటకు మనకిప్పుడు వీలు కలిగినది. మీ యింటి కిటికీ యే దిక్కున నున్నదో చూచి, ఇంటి యాడువారి నడిగి, ఒక కుండలో మరువమో, తులసియో నాటుడు. వీధిలో పోవువారెవరైన ఒక రెమ్మ యడిగినచో, వా రేయింటివారని విచారింపక ఇండు.

మా యమ్మ యిప్పుడు లేదు. ఆమె కుండలోని రెమ్మలనుండి నాటిన మరువము మా కిటికీలోను, ఎదురింటి కిటికీలోను ఇంకను ఉన్నది.