బందరు కోట: ఒక అర్ధరాత్రి యుద్ధం, ఒక మనుమడి ప్రశ్న



గత వేసవి సెలవులలో గుడివాడ నుండి మా అమ్మాయి కొడుకు వచ్చి పదిహేను రోజులు మా ఇంట ఉన్నాడు. వాడు తెచ్చుకున్న లాప్‌టాపులో బాల్డర్స్ గేట్ మూడవ భాగం అనే ఆట ఉంది. మన జానపద కథలవలె అందులోనూ మాంత్రికులు, రాక్షసులు, మాయాఖడ్గాలు ఉన్నాయి. అయితే ఆడేవాడు ఒక వీరుణ్ణి కాక నలుగురి జట్టును నడపాలి. కవచం తొడిగినవాడొకడు, గాయాలు మాన్పే మంత్రగత్తె ఒకతె, చాటుగా వెళ్ళి పొడిచే దొంగ ఒకడు, మాంత్రికుడొకడు. ఎవరి వంతు వచ్చినప్పుడు వారు కదలాలి.

ఒక సాయంకాలం వాడు ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. "ఒకే యుద్ధంలో పదకొండుసార్లు చచ్చిపోయాం తాతయ్యా. వాళ్ళు ఇరవైమంది, మేం నలుగురం. పైగా వాళ్ళు మిట్టమీద ఉన్నారు" అన్నాడు.

"పదకొండుసార్లూ ఎలా వెళ్ళావురా?" అని అడిగినాను.

"సూటిగా, ద్వారంలోంచి."

నాకు నవ్వు వచ్చింది. పండిత శిక్షణ కాలంలో మేము వల్లెవేసిన షాడ్గుణ్యం జ్ఞప్తికి వచ్చింది. సంధి, విగ్రహం, యానం, ఆసనం, ద్వైధీభావం, సమాశ్రయం. రాజు చేతిలో ఉండే ఈ ఆరు ఉపాయాలలో సూటిగా పోయి కొట్టడం ఒక్కటి మాత్రమే. ఆ మాట వాడికి శ్లోకంగా చెబితే ఎక్కదు. అందుకని మా ఇంటికి కొద్ది దూరంలోనే ఉన్న బందరు కోట కథ చెప్పినాను. ఆ కథనే ఇక్కడ వ్రాస్తున్నాను. చివర వాడు అడిగిన ప్రశ్నకు నావద్ద సమాధానం లేకపోయింది. ఈ టపాకు కారణం నిజానికి అదే.

1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. తాండ్ర పాపారాయుని చేతిలో విజయనగరం ప్రభువు విజయరామరాజు హతుడైన సంగతి తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. ఆయన తరువాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు. 1758లో బుస్సీని లాలీ దక్షిణానికి పిలిపించుకున్నాడు. సర్కారులలో ఫ్రెంచి అధికారం కాన్‌ఫ్లాన్ చేతికి వచ్చింది. అదను చూచి ఆనంద గజపతి విశాఖపట్నాన్ని పట్టుకుని ఆంగ్లేయులకు కబురు పంపినాడు. మన ఆరింటిలో ఇది సమాశ్రయం. బంగాళం నుండి క్లైవు పంపగా కర్నల్ ఫోర్డు సుమారు ఐదువందలమంది ఐరోపా సైనికులతో, రెండువేల సిపాయిలతో 1758 అక్టోబరులో విశాఖలో దిగినాడు.

డిసెంబరులో పిఠాపురం సమీపాన చందుర్తి వద్ద తొలి యుద్ధం. బంగాళపు సిపాయిలు ఎర్ర అంగీలు తొడుక్కుని ఉన్నారు. ఫ్రెంచివారు వారినే తెల్లదండు అనుకుని వారిమీదికి ఉరికినారు. అసలు తెల్లదండు ఏపుగా పెరిగిన చేను మాటున ఉండి, పక్కనుండి విరుచుకుపడింది. కాన్‌ఫ్లాన్ పరుగు పరుగున బందరు చేరుకున్నాడు.

ఇక్కడ మనుమడు, "వెంటనే తరిమి ఉంటారు" అన్నాడు. లేదు. రాజు ఇస్తానన్న సొమ్ము సకాలంలో అందక ఫోర్డు యాభై రోజుల వరకు కదలలేకపోయినాడు. 1759 మార్చి 6న గాని బందరు చేరలేదు. ఆ వ్యవధిలో కాన్‌ఫ్లాన్ కోటను బాగుచేసుకున్నాడు.

ఆ కోట ఎక్కడుందో చూచినవారికే ఆ యుద్ధం అర్థమవుతుంది. ఊరు వేరు, కోట వేరు. ఊరికి ఆగ్నేయంగా, మైలున్నర దూరాన, దక్షిణపు వైపు సముద్రపు పాయ, మిగతా దిక్కుల ఊబినేల. మధ్యన పొడవాటి రహదారి కట్ట ఒక్కటే బాట. కోటకు పదకొండు బురుజులు. ఫోర్డు తూర్పువైపు ఇసుక దిబ్బలమీద ఫిరంగులు నిలిపి మార్చి 25 నుండి కాల్పులు సాగించినాడు. పగలు కూలిన గోడను లోపలివారు రాత్రి పూడ్చుకునేవారు.

ఇక ఫోర్డు కష్టాలు వినండి. జీతాలు లేవని, దోపిడీ సొమ్ములో వాటా దక్కలేదని అతని తెల్లసైనికులే ఆయుధాలు పట్టుకుని తిరగబడినారు. వెనుక రాజమహేంద్రవరాన్ని ఫ్రెంచి దండు తిరిగి పట్టుకుంది. నిజాం సలాబత్ జంగు పెద్ద సేనతో బెజవాడ దాకా వచ్చినాడు. ఇదంతా చూచి ఆనంద గజపతి మూటాముల్లె సర్దుకోబోయినాడు. చివరకు ఏప్రిల్ 7న, మందుగుండు మరి రెండు రోజులకే సరిపోతుందన్న వార్త వచ్చింది.

సైనికులకు కోటలో దొరికే సొమ్ములో వాటా ఇప్పిస్తానని మాట ఇచ్చి ఫోర్డు వారిని శాంతింపజేసినాడు. నిజాం వద్దకు దూతను పంపి మాటలతో కాలయాపన చేసినాడు. వెళ్ళిపోతానన్న రాజుకు, ఒంటరిగా పోతే దారిలో రెండు సేనల నడుమ నలిగిపోతావని నచ్చజెప్పినాడు. ఒకరితో సంధి మాటలు, మరొకరితో విగ్రహం. ఇదే ద్వైధీభావం. ఇంత చేసిన తరువాతనే కత్తి దూసినాడు.

కోటకు నైరుతి దిక్కున ఊబి ఉన్నది కదా అని లోపలివారు నిశ్చింతగా ఉన్నారు. కాని ఊరి జనం ఆ బురదలో నడిచి కోటకు రాకపోకలు సాగించడం ఆంగ్లేయుల కంటబడింది. పరీక్షించి చూస్తే కష్టంమీద దాటవచ్చునని తేలింది. దివిసీమలో పుట్టి, రేవుల వెంట తిరిగినవాణ్ణి గనుక ఈ ఘట్టం నాకు బాగా బోధపడుతుంది. మన బురద చూపుకు అంతా ఒకేలా ఉంటుంది. ఎక్కడ మోకాలి లోతో, ఎక్కడ నడుము లోతో రోజూ నడిచే పాదానికే తెలుసు. పటం గీసినవాడికి తెలియదు.

ఆ రాత్రి పది గంటలవరకు ఫిరంగులు మ్రోగినాయి. తరువాత దండు మూడు భాగాలైంది. రాజుగారి మనుషులు కట్టమీద నిలిచి పెద్ద ద్వారం ఎదుట గోల చేయాలి. కెప్టెన్ నాక్స్ ఏడువందల సిపాయిలతో నైరుతి ఊబి దాటి దాడిచేస్తున్నట్లు నటించాలి. అసలు దెబ్బ ఈశాన్యపు బురుజు మీద. అందులో మూడువందల పైచిలుకు ఐరోపావారు, ఓడ దిగిన నావికులు కొందరు, మరి ఏడువందల సిపాయిలు. అర్ధరాత్రికి పోటు తగ్గి కందకంలో నీరు పలుచబడుతుందని లెక్క.

అనుకున్నట్లు అన్నీ జరగలేదు. నాయకుడొకడు సమయానికి కనబడక అసలు దళం ఆలస్యమైంది. వీరు మోకాలిలోతు బురదలో ఉండగానే అవతల నాక్స్ కాల్పులు మొదలుపెట్టినాడు. అయినా బురుజు ఎక్కినారు. అక్కడినుండి కెప్టెన్ యార్క్ తన మనుషులతో ప్రాకారం వెంట సాగుతుండగా, మందుగుండు దాచే ఇటుక కట్టడాన్ని చూచి ఎవడో "మందుపాతర!" అని అరిచినాడు. అంతే, అందరూ వెనక్కు పరుగు. యార్క్ పక్కన మిగిలినవారు ఇద్దరే. డ్రమ్ములు వాయించే ఇద్దరు నల్ల కుర్రవాళ్ళు. వారు వాయిద్యం ఆపలేదు. యార్క్ వెనుదిరిగి పారిపోయినవారిని చీవాట్లు పెట్టి కొందరిని మళ్ళీ కూడగట్టినాడు. తరువాతి కాల్పులలో అతనికి రెండు తొడలలోనూ గుండ్లు దిగినాయి. ఆ డ్రమ్ముల కుర్రవాళ్ళు ఇద్దరూ అతని పక్కనే ప్రాణాలు విడిచినారు.

కాన్‌ఫ్లాన్‌కు మూడు దిక్కుల నుండి మూడు వార్తలు వచ్చినాయి. ఏది నిజమో, ఏది నటనో తేల్చుకోలేకపోయినాడు. తెల్లవారేసరికి లొంగిపోయినాడు. పట్టుబడినవారిలో ఐరోపావారే ఐదువందలమంది, ఇతరులు రెండువేల ఐదువందలకు పైగా. గెలిచినవారికంటె పట్టుబడినవారే ఎక్కువ. 120 ఫిరంగులు దొరికినాయి. మే 14న సలాబత్ జంగు ఒడంబడిక వ్రాసి ఇచ్చి, మచిలీపట్నాన్ని, నిజాంపట్నాన్ని, మరికొన్ని సీమలను కుంపిణీకి ఇనాముగా ఇచ్చినాడు. ఆ పత్రంలో వాకల్మన్నారు అన్న పేరు కనబడుతుంది. అది మన ఆకులమన్నాడే. ఒక్క రాత్రి యుద్ధానికి కృష్ణాముఖద్వారం చేతులు మారింది. మరి ఏడేళ్ళకు, 1766లో, సర్కారుల కోసం కుంపిణీ నిజాంతో ఒడంబడిక కుదుర్చుకుంది. ఫోర్డును పిలిపించిన రాజుగారు మాత్రం కోట పడిన కొద్దిరోజులకే తన సేనతో ఉత్తరానికి తరలిపోయినారు.

కథ ముగించి, "ఇప్పుడు తెలిసిందా? ముందు నీవాళ్ళను కలిపి ఉంచుకో. శత్రువు నమ్మిన గోడ ఏదో చూడు. వాడి చూపు ఒకచోట, నీ దెబ్బ మరొకచోట" అని గురుపీఠం అలంకరించినాను. వాడు తల ఊపి, కొంతసేపటికి అడిగినాడు.

"ఆ డ్రమ్ముల కుర్రాళ్ళ పేర్లేమిటి తాతయ్యా?"

ముప్పైయేళ్ళకు పైగా పాఠాలు చెప్పినాను. పిల్లలను ఆ కోటకు తీసుకువెళ్ళి ఈ కథ ఎన్నిమార్లు చెప్పినానో. ఫోర్డు, నాక్స్, యార్క్, కాన్‌ఫ్లాన్. అందరి పేర్లూ నాకు కంఠస్థం. ఆ ఇద్దరి పేర్లు నేను ఎన్నడూ వెదకలేదు. ఓర్మ్ వ్రాసిన పెద్ద చరిత్రలో యార్క్ పేరుంది. ఆ కుర్రవాళ్ళు నల్లవాళ్ళన్న మాట మాత్రమే ఉంది. ఆ రాత్రి చనిపోయిన సిపాయిలు కూడా అంతే, ఒక అంకె.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనకు నాకు పదిహేడేళ్ళు. దివిసీమలో మనుషులు అంకెలుగా మారడం కళ్ళారా చూచినవాణ్ణి. అంకెలో కలిసిపోయినవారిలో నాకు పేరుపేరునా తెలిసినవారున్నారు. అయినా 1759కి వచ్చేసరికి నేనూ అంకెతోనే సరిపెట్టుకున్నాను. మనుమడి ఆటలో జట్టులోని నలుగురికీ పేర్లున్నాయి, ఊర్లున్నాయి, ఒక్కొక్కరికి ఒక దుఃఖం ఉంది. ఎవరైనా పడిపోతే మంత్రం చదివి లేపుతారు. అదీ కాకుంటే దాచుకున్న చోటినుండి మళ్ళీ మొదలుపెడతారు. బందరు కోటలో ఆ వసతి లేదు.

మరునాడు ఇద్దరం బందరుకోటకు వెళ్ళినాము. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో ముప్పైవేలమంది వరకు పోయినారు. ఆ తరువాత ఆంగ్లేయుల దండు కూడా ఈ కోటను వదిలిపెట్టింది. శిథిలాలు మిగిలినాయి. వాడు ఈశాన్యం ఎటో అడిగి ఆ వైపు తిరిగి కొంచెంసేపు నిలబడినాడు. ఇంటికి వచ్చి ఆ రాత్రి తన యుద్ధం గెలిచినాడు. ద్వారం వైపు ఒకణ్ణి చప్పుడు చేయమని పంపి, మిగతావాళ్ళను వెనుక నుండి ఎక్కించినాడట. నలుగురూ బ్రతికినారని రెండుసార్లు చెప్పినాడు.

ఇకమీదట ఎవరికి ఈ కథ చెప్పినా ఆ ఇద్దరి దగ్గర కొంచెం ఆగాలని అనుకున్నాను. పేర్లు చెప్పలేను. పేర్లు లేవన్న సంగతి అయినా చెప్పవచ్చును కదా.

సెలవు.