నూటికి ఎన్ని?

పరీక్షా ఫలితాలొచ్చిన రోజున, మార్కులు తగ్గిన ఇంట్లో తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: "ఆ పేపరు దిద్దినాయనకి ఆ పూట కాఫీ అందలేదు కాబోలు!" మనసు సరిపెట్టుకోవడానికి అనుకునే మాటే గాని, అందులో నిజం లేకపోలేదు. కాకపోతే తప్పు కాఫీది కాదు.

1888లో ఎడ్జ్‌వర్త్ అనే ఆర్థిక శాస్త్రవేత్త ఇంగ్లండులో ఒక లాటిన్ వచన రచనని 28 మంది పరీక్షకుల చేత దిద్దించిన ఫలితాలు ప్రకటించాడు. మన దేశానికి దొరల్ని పంపే ఐ.సి.యస్. పరీక్ష పేపరే అనుకుని మార్కులు వెయ్యమన్నాడు. ఒకాయన 45 వేస్తే ఇంకొకాయన నూటికి నూరూ వేశాడు! కాగితం అదే, అక్షరాలూ అవే. ఒకరి చేతిలో పడితే ఉద్యోగం, మరొకరి చేతిలో పడితే ఇంటిదారి.

ఈ తేడా ఎక్కణ్ణుంచి వస్తోందో 1961లో అమెరికాలో డీడెరిచ్, ఫ్రెంచ్, కార్ల్‌టన్ అనే ముగ్గురు తరచి చూశారు. కాలేజీలో కొత్తగా చేరిన పిల్లల వ్యాసాలు 300 తీసుకుని 53 మందికిచ్చారు. వాళ్ళలో పాఠాలు చెప్పేవాళ్ళే కాదు, సంపాదకులూ, వకీళ్ళూ, వ్యాపారస్తులూ ఉన్నారు. ఎలా దిద్దాలో చెప్పలేదు. మంచిచెడ్డల్ని బట్టి తొమ్మిది తరగతులుగా విడదియ్యమన్నారంతే. 101 వ్యాసాలకి ఒకటి నుంచి తొమ్మిది దాకా అన్ని తరగతులూ వచ్చాయి!

వాళ్ళు వ్యాసాల మీద రాసిన వ్యాఖ్యలు చదివితే గుట్టు బయటపడింది. కొందరు భావం చూశారు, కొందరు అమరిక, కొందరు శైలి, కొందరు మాటల పొందిక, కొందరు అక్షరదోషాలు. పులిహోర రుచి చూసి అత్తగారు పులుపు చాలలేదంటే, ఆడపడుచు పోపు మాడిందంటుంది. ఇద్దరూ అబద్ధమాడరు. వెతికేది వేరు, అంతే.

అందుకే ఇప్పుడు చాలా విశ్వవిద్యాలయాల్లో గంపగుత్తగా మార్కులు వెయ్యకుండా, దేనికెన్నో ముందే పట్టిక రాసి విద్యార్థుల చేతికిస్తున్నారు. దాన్ని 'రూబ్రిక్' అంటారు. వెనకటి రాతప్రతుల్లో ఎర్రసిరాతో రాసే శీర్షికకి ఆ పేరుండేది. పట్టిక ఉన్నంత మాత్రాన తేడాలన్నీ పోతాయని కాదు. "భావం బావుంది" అన్నచోట ఒకరి 'బావుంది' మరొకరికి 'ఫరవాలేదు' కావచ్చు. కాని ఎక్కడ పోయాయో అడగడానికి ఒక చోటంటూ ఏర్పడుతుంది.

నా దృష్టిలో అది చిన్న సంగతి కాదు. "మార్కులు తగ్గాయిగా, ఇక చదువు చాల్లే" అనే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. "భావానికి నిండా వచ్చాయి నాన్నా, అమరికలోనే పోయాయి, వచ్చేసారి దిద్దుకుంటాను" అని ఆ పిల్ల చెప్పగలిగితే, సంబంధాలు వెతకడం ఇంకో ఏడాది ఆగుతుంది.