దీర్ఘకాలిక నొప్పికి బిళ్లలే చాలవు

ఖిలా వరంగల్: కోట పరిసరాల్లో మిర్చి ఏరే కూలీలు, ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీలు, కొత్తవాడలో జంపఖానాలు నేసే కార్మికులు... నడుం నొప్పి వీరికి కొత్త కాదు. బిళ్ల వేసుకొని మళ్లీ పనిలోకి దిగడమే పరిపాటి.

నొప్పి 3 నెలలకు మించి కొనసాగితే వైద్యశాస్త్రం దానిని దీర్ఘకాలిక నొప్పిగా పరిగణిస్తుంది. తొలి గాయం మానినా నాడులు హెచ్చరికలు పంపుతూనే ఉండవచ్చు. మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించిన ‘ద్వార నియంత్రణ’ సిద్ధాంతం ప్రకారం వెన్నుపాములో నొప్పి సంకేతాలకు ఒక ద్వారం వంటిది ఉంటుంది. మెదడు నుంచి వచ్చే సంకేతాలు దానిని తెరవనూ గలవు, మూయనూ గలవు. భయం, దిగులు నొప్పిని పెంచేది ఇందుకే. అంతమాత్రాన నొప్పి భ్రమ కాదు. మానసిక నిపుణుని వద్దకు పంపితే పిచ్చి అని ముద్ర వేసినట్లూ కాదు.

ఫిజియోథెరపిస్టు నడకను, వ్యాయామాన్ని కొద్దికొద్దిగా పెంచుతారు. ‘వంగితే నడుం విరుగుతుంద’న్న భయాన్ని మానసిక నిపుణుడు చిన్న పనులు చేయిస్తూ పోగొడతారు. ఆ భయం పోనిదే రోగి వ్యాయామం సాగించడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పిపై ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ రెండింటికీ చోటిచ్చింది. నల్లమందు జాతి మాత్రలు, నడుం బెల్టులు మామూలుగా వాడవద్దని చెప్పింది.

కూలి పోగొట్టుకొని ఆసుపత్రి చుట్టూ తిరగడం పేదలకు భారమే. దిగులు, నిద్రలేమి వేధిస్తే 2022లో మొదలైన ‘టెలీ మానస్’ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే సలహా పొందవచ్చు. కాళ్లలో బలం తగ్గినా, మూత్రంపై పట్టు తప్పినా, నొప్పితో పాటు జ్వరం వచ్చినా జాప్యం చేయక ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లాలి.