పావులూరి సంకలితము

మాన్యఖేటము రాజధానిగా ఏలిన రాష్ట్రకూట వంశమున అమోఘవర్ష నృపతుంగుని కాలమున, సుమారు 850లో, మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. రాజమహేంద్రవరమును రాజరాజనరేంద్రు డేలిన పదునొకండవ శతాబ్దికి చెందినవాడని ప్రసిద్ధి కెక్కిన పావులూరి మల్లన, దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చెను.

మహావీరుడు చెప్పిన ఎనిమిది పరికర్మలలో గుణకార భాగహారాదుల పిదప వచ్చు ఏడవది సంకలితము, అనగా శ్రేణిని కూడుట. ఒక నియమము ననుసరించి వరుసగా నిలిచిన సంఖ్యలు అనుక్రమము. వానిని కూడిన రూపము శ్రేణి. 1, 3, 5, 7 అనునది అనుక్రమము; 1+3+5+7 అనునది శ్రేణి. మొదటి పదము ఆది, పెరుగుదల చయము, పదముల సంఖ్య గచ్ఛము. ఆదికి కడపటి పదమును కలిపి, సగము చేసి, గచ్ఛముచే గుణించిన మొత్తము 16 లభించును.

అయితే కూడినకొలది వచ్చు మొత్తములను వ్రాసిన 1, 4, 9, 16 అని మరియొక అనుక్రమ మేర్పడును. శ్రేణి అనుక్రమమునుండి పుట్టి, మరల అనుక్రమమునే కనును; ఈ రెండవ వరుస నడకయే శ్రేణి స్వభావమును తెలుపును.

చదరంగపు గళ్ళ లెక్క చూడుడు. 1, 2, 4, 8 అని గడిగడికి రెట్టించినచో మొత్తములు 1, 3, 7, 15. ప్రతి మొత్తము రాబోవు పదముకంటె ఒకటి తక్కువ. కావున అరువదినాలుగు గళ్ళను కూడనక్కరలేదు. అరువదియైదవ గడి యున్నచో దానికి రావలసిన సంఖ్యనుండి ఒకటి తీసివేసిన చాలును. ఆ ఫలమైన 1,84,46,74,40,73,70,95,51,615ను పావులూరి పేర చెల్లుచున్న చంపకమాల యొకటి, చంద్రుడన్న ఒకటి, వేదములన్న నాలుగు అను భూతసంఖ్యలతో, ఒకట్ల స్థానము మొదలుకొని చెప్పినది.

రెట్టించుటకు మారుగా సగము చేసినచో? రూపాయికి పదునారు అణాలున్న నాటి నాణెములు చూడుడు: అర్ధరూపాయి, పావులా, బేడ, అణా; మొత్తములు 8, 12, 14, 15 అణాలు. రూపాయికి ఎల్లప్పుడు కడపటి నాణెమంతయే వెలితి. ఇట్లు అనంతముగా సగము చేయుచు పోయినను మొత్తము రూపాయిని దాటదు, దానికి ఎంత చేరువకైనను పోవును. ఆ రూపాయియే అనంతశ్రేణికి మొత్తము.

శ్రేణులు బోధించు ఉపాధ్యాయులకు నా విన్నపము: సూత్రమును వల్లె వేయింపకముందే, పిల్లలచేత మొత్తముల వరుసను ఒకసారి వ్రాయింపుడు.