ఒకటో తారీఖు సంచీ, రోజుకూలి పొట్లం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కబురు చేసినప్పుడు, వేతన సవరణల చరిత్ర వ్రాయాలా, పెన్షను నిబంధనలు వ్రాయాలా అని ఆలోచించాను. వాటిని నాకంటే బాగా వ్రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నేను 1974లో చేరి 2009లో పదవీ విరమణ చేసేదాకా ఎక్కువకాలం పౌరసరఫరాల కాగితాలు చూసిన గుమాస్తాను. అందుచేత నాకు తెలిసిన బియ్యం సంగతే వ్రాస్తాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. డెబ్భై దాటాక దానిని దాచుకుని ప్రయోజనం లేదు.

ఇంటికి డబ్బు ఎంత వస్తుందన్నది ఒక లెక్క. ఎప్పుడెప్పుడు వస్తుందన్నది మరొక లెక్క. మొదటిదాని గురించి అందరూ మాట్లాడతారు. రెండో లెక్కను మాత్రం ఇల్లాలు, కిరాణా కొట్టు యజమాని తప్ప ఎవరూ పట్టించుకోరు.

నేను 1951లో గుంటూరు జిల్లా డెల్టా గ్రామంలో పుట్టాను. నాన్నగారు బడిపంతులు. యుద్ధకాలంలో వచ్చిన ధాన్యం కంట్రోళ్ళను 1952లో రాజాజీ ప్రభుత్వం ఎత్తివేసింది. అప్పటికి మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. కంట్రోలు రోజుల్లో క్యూలలో నిలబడ్డ సంగతులు అమ్మ చెబితే విన్నాను. నాకు ఊహ తెలిసేసరికి ఊళ్ళో బియ్యం కొనేవాళ్ళు మూడు రకాలుగా ఉండేవారు.

చేతిలో రొక్కం ఉన్నవాళ్ళు సంక్రాంతి నాటికి, కొత్త పంట వచ్చి ధర దిగినప్పుడు, ఏడాది గ్రాసం కొని గాదెలో పోసుకునేవారు. వాళ్ళు వానకాలంలో తినేది పాత బియ్యం. పాత బియ్యం బాగా ఒదుగుతాయి, అంటే తక్కువ బియ్యంతో ఎక్కువ అన్నం అవుతుంది. ధరలోనూ లాభమే, గిన్నెలోనూ లాభమే.

రెండో రకం మేము. జీతం నెలకొకసారి వస్తుంది కనుక సరుకులూ నెలకొకసారే. నాన్నగారు చీటీ వ్రాసిస్తే శెట్టిగారి కొట్టులో పద్దు వ్రాసుకుని ఇచ్చేవారు. ఒకటో తారీఖున బాకీ తీర్చి, మళ్ళీ అరువు మొదలుపెట్టేవాళ్ళం. నెలాఖరు వారం అమ్మ చేతిలో ఉండేది. ఎసట్లో పోసే ముందు ప్రతిపూటా ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. ఇరవయ్యయిదో తారీఖు తరువాత ఆ కుండే మాకు ఆధారం. అదీ చాలకపోతే నూకల జావ.

మూడో రకం కూలివాళ్ళు. కోతల్లో వాళ్ళకు కూలి ధాన్యంగానే కొలిచేవారు. ఆ నాలుగు వారాలు బజారు ధరతో వాళ్ళకు పని లేదు. తక్కిన రోజుల్లో కూలి డబ్బు రూపంలో, అదీ సాయంత్రం పొద్దుగూకాక వచ్చేది. ఆ వేళ వాళ్ళు కొట్టుకు వచ్చి సోలెడు నూకలో, తవ్వెడు బియ్యమో, గిద్దెడు నూనె, చిన్న పొట్లం చింతపండు తీసుకునేవారు. పల్లెల్లో కిరాణా కొట్టు రాత్రి ఎనిమిదింటి దాకా తెరిచి ఉండడానికి కారణం ఇదే. కూలి చేతికి వచ్చే వేళనుబట్టే కొట్టు వేళలు ఉండేవి.

అదే బియ్యం బస్తా మీద ఒక ధర, సోల మీద ఒక ధర. దీనికి శెట్టిగారిని ఒక్కరినే తప్పు పట్టలేము. పొట్లానికి కాగితం, దారం కావాలి, తక్కెడ పదిసార్లు ఎత్తాలి, తరుగు ఆయన భరించాలి, అరువు ఎగిరిపోతే నష్టమూ ఆయనదే. ఈ ఖర్చులన్నీ చివరకు సోలెడు బియ్యం మీదే పడేవి. పైగా పద్దులో బాకీ ఉన్న మనిషి బియ్యంలో రాళ్ళున్నాయని గట్టిగా అడగలేడు, వేరే కొట్టుకు పోలేడు. ఆ విధంగా ఊళ్ళో అందరికంటే తక్కువ డబ్బున్నవాడే అందరికంటే ఎక్కువ ధర పెట్టి తినేవాడు.

ఈ వ్యవహారంలోకి ప్రభుత్వం క్రమంగా ప్రవేశించింది. 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడింది. ఆ ఏడూ మరుసటి ఏడూ దేశంలో వానలు లేక, అమెరికా నుంచి పి.ఎల్. 480 కింద గోధుమలు వచ్చాయి. వరి పండే మా ఊళ్ళో కూడా గోధుమనూక ఉప్మా రాత్రి భోజనమైంది. 1974 చివర రాష్ట్ర పౌరసరఫరాల సంస్థ ఏర్పడింది. 1983లో రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టింది. ఏడాదికి 6,000 రూపాయల లోపు ఆదాయం గల కుటుంబానికి, మనిషికి 5 కిలోల చొప్పున, 25 కిలోలకు మించకుండా ఇవ్వాలి. నేనప్పుడు ఒక తాలూకా ఆఫీసులో ఆ సెక్షనులోనే ఉన్నాను. రాత్రింబవళ్ళు కూర్చుని కార్డులు వ్రాశాము. బీదవాడి ఇంట వరి అన్నం వండించిన పథకమది. దానిని నేను ఈనాటికీ గౌరవిస్తాను.

అయితే ఆ పథకాన్ని కాగితం మీద పెట్టిన మేమందరం నెల జీతగాళ్ళం. కోటా నెలకొకసారి, ఎత్తితే మొత్తం ఒక్కసారే ఎత్తాలన్నది మాకు సహజంగానే తోచింది. నలుగురున్న ఇంటికి 20 కిలోలు, అంటే 40 రూపాయలు. మా వైపు ఆడకూలి అప్పటికి రోజుకు ఆరు రూపాయలు. సరుకు ఫలానా రోజున వస్తుందని ఎవరికీ ముందు తెలియదు. వచ్చిన మూడు నాలుగు రోజుల్లో 40 రూపాయలు చేత పట్టుకుని రాకపోతే ఆ నెల కోటా పోయినట్టే. ఆ డబ్బు కోసం కార్డునే కొట్టులో తాకట్టు పెట్టినవాళ్ళను కూడా చూశాను.

1984లో బోగస్ కార్డులు ఏరివేయమన్నారు. డీలర్ల రిజిస్టర్లు తెప్పించి, వరుసగా మూడు నెలలు సరుకు ఎత్తని కార్డుల జాబితా తయారుచేశాను. ‘కార్డుదారులకు అవసరం లేనట్లు కనబడుచున్నది, రద్దు చేయవచ్చును’ అని నోటు పెట్టింది నేనే. పైవారు సంతకం చేశారు. శుభ్రమైన పని చేశానని ఆ రోజు తృప్తిగా ఇంటికి వెళ్ళాను.

1986లో మన ఎన్జీవోల సమ్మె 53 రోజులు జరిగింది. పాత మిత్రులకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మొదటి నెల కొట్టువాడు, ‘ఉద్యోగస్తులు, ఎక్కడికి పోతారు లెండి’ అని సరుకులు ఇచ్చాడు. రెండో నెల పద్దు పుస్తకం మూసేశాడు. మా ఆవిడ దగ్గర ఉన్న చిల్లరతో నేను కిలో బియ్యం, నూరు గ్రాముల నూనె చొప్పున కొనవలసి వచ్చింది. ఒకనాటి సాయంత్రం కొట్టు దగ్గర, రైసుమిల్లులో బియ్యం చెరిగే మా వీధి ఆవిడ నా పక్కన నిలబడి ఉంది. నా చేతిలో పొట్లం చూసి, వెటకారమేమీ లేకుండా, ‘మీక్కూడా కిలో లెక్కేనా బాబుగారూ?’ అంది.

నీకు కార్డుందిగా అమ్మా అని అడిగాను. ‘ఉండేది బాబూ. బియ్యం వచ్చిన రోజున డబ్బుల్లేవు, డబ్బులున్న రోజున బియ్యం లేవు. అయిదు కిలోలు ఇవ్వమంటే డీలరు కుదరదన్నాడు. తరవాత కార్డే కొట్టేశారన్నారు’ అని చెప్పింది.

సమ్మె ముగిసి ఆఫీసుకు వెళ్ళిన మరునాడే పాత జాబితా తీయించి చూశాను. ఆవిడ పేరు ఉంది. బజారులో బియ్యం అప్పుడు కిలో మూడున్నర. 20 కిలోల మీద నెలకు 30 రూపాయలు తేడా. కొత్త కార్డు ఇప్పించేనాటికి, కార్డు పోయి 28 నెలలైంది. 840 రూపాయలు! ఆరు రూపాయల కూలి మీద 140 రోజుల కష్టం. పొద్దంతా పరుల బియ్యం చెరిగే మనిషి చేత ఆ డబ్బు కట్టించింది నా కలమే. రద్దు చేసేముందు ఇంటికి వెళ్ళి విచారించాలనీ, కోటాను విడతలుగా ఇవ్వాలనీ ఒక నోటు పెట్టాను. అది ఎల్. డిస్. అయి బీరువాలో చేరింది.

2003 మే 2న సుప్రీంకోర్టు, పి.యు.సి.ఎల్. వారు వేసిన ఆహార హక్కు కేసులో ఉత్తర్వు ఇస్తూ, దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాలను కోటా విడతలుగా కొనుక్కోనివ్వాలని చెప్పింది. కార్డులు తమ దగ్గరే ఉంచుకునే డీలర్ల లైసెన్సులు రద్దు చేయమని కూడా చెప్పింది. పత్రికలో ఆ వార్త చదివి, అయిదు కిలోలు అడిగిన ఆవిడను తలచుకున్నాను. ఆవిడ కొట్టు గుమ్మంలో చెప్పిన మాట ఢిల్లీలో ఉత్తర్వు కావడానికి అన్నేళ్ళు పట్టింది.

తరువాత సంగతులు మీకు తెలిసినవే. మధ్యలో పెరిగిన ధర 2008లో మళ్ళీ రెండు రూపాయలకు, 2011లో రూపాయికి దిగింది. 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చింది. ఆ చట్టం కింద ఇచ్చే బియ్యం 2023 జనవరి నుంచి ఉచితం. బియ్యం వరకు ఆ 40 రూపాయల బాధ తీరింది. పప్పు, నూనె, చింతపండు మాత్రం ఇప్పటికీ చిన్న పొట్లాలలోనే బీద ఇంటికి చేరుతున్నాయి.

ఇది మనకెందుకు అంటారేమో. మన కరువు భత్యం లెక్కకు ఆధారమైన ధరల సూచికలో ఆహారం వాటా 1982 ఆధార సంవత్సరంలో నూటికి 57. అది 2001 నాటికి 46.2, 2016 నాటికి 39.17 అయింది. సగటు కుటుంబం ఖర్చులో తిండి వాటా తగ్గుతున్నదని దీని అర్థం. సంతోషమే. కాని ఆదాయం తగ్గేకొద్దీ తిండి వాటా పెరుగుతుందని ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త 1857లోనే చెప్పాడు. మనలో కనీస పెన్షనుదారులు, కుటుంబ పెన్షనుతో బతికే మన సహోద్యోగుల భార్యలు ఈ సగటు మనుషులు కారు. కాగితాలు కదలక మొదటి పెన్షను రెండు నెలలు ఆలస్యమైతే, అంతవరకు నెల చీటీ వ్రాసిన ఇల్లు ఒక్కసారిగా కిలో లెక్కలోకి దిగిపోతుంది.

కాబట్టి సంఘానికి ఒక మనవి. సభ్యుడు కాలం చేసిన ఇంటికి దండ తీసుకుని వెళ్ళినప్పుడే, వీలైతే రెండు నెలల సరుకులు కూడా పంపుదాం. పెన్షను వచ్చాక తీర్చగలిగినవారు తీరుస్తారు. దీనికి చిన్న నిధి ఏర్పాటు చేస్తే నా మొదటి చందా 840 రూపాయలు. ఆ అంకె ఎందుకో ఇంతవరకు ఓపికగా చదివిన మీకు వేరే చెప్పనక్కర లేదు.

సెలవు.